‘రేపొస్తాం’ అంటే చాలు!

వంకాయలు కొనేటప్పుడు పుచ్చులుంటాయేమోనని ఒక్కో కాయనీ తిప్పితిప్పి చూసే ఇల్లాలు, ఫ్యాను కొనాలన్నా నాలుగు కొట్లు తిరిగే ఇంటాయన... లక్షలు పోసి సెకండ్‌ హ్యాండ్‌ కారు కొనేటప్పుడు మాత్రం అరగంటలో తలూపేస్తారు. తెలివితక్కువై కాదు. అక్కడ కారు కన్నా ముందు అమ్ముడయ్యేది తొందర!

కూకట్‌పల్లిలో ఉండే ఆ మాస్టారికి కారు షోకు కాదు. తల్లికి మోకాళ్లు పట్టేశాయి. ఆటో ఎక్కించాలంటే ఇద్దరు పట్టుకోవాలి. నెలకు రెండుసార్లు ఆసుపత్రి. ఆయన పీఎఫ్‌లో అప్పు తీసి, భార్య చీటీ పాడి, మూడున్నర లక్షలు పోగేశారు. అది పోతే మళ్లీ అంత సొమ్ము కళ్లజూడాలంటే ఏళ్లు పడుతుంది.

దుకాణంలో అడుగుపెట్టగానే ‘రండి సార్‌, కూర్చోండమ్మా’ అంటూ ఓ కుర్రాడు ఎదురొచ్చాడు. టీలొచ్చాయి. వాళ్ల టీ తాగి గీచిగీచి బేరమాడాలంటే మాస్టారికి మొహమాటం. ‘డాక్టరుగారి బండి సార్‌. సింగిల్‌ ఓనర్‌. ఆదివారం తప్ప బయటికి తీయలేదు’ అన్నాడు. ఇంతలో ఫోను మోగింది. ‘ఆఁ అన్నా... ఆ తెల్ల కారేగా? ఇక్కడ ఫ్యామిలీ చూస్తున్నారు. సాయంత్రంలోపు చెప్తా’. ఫోను పెట్టేసి, ‘ఇంకో పార్టీ సార్‌. పదివేలు టోకెన్‌ కట్టేయండి, మీకోసం ఆపుతా. నచ్చకపోతే వెనక్కిచ్చేస్తాం’ అన్నాడు.

మాస్టారి చెయ్యి జేబులోకి వెళ్లింది.

‘వెనక్కిస్తామన్న ముక్క రసీదు మీద రాసిస్తావా బాబూ?’ అందామె. ‘నమ్మకం లేదామ్మా?’ అని నవ్వాడే తప్ప రాయలేదు.

‘అయితే రేపు మెకానిక్‌తో వస్తాం.’

‘రేపటికి బండి ఉండదమ్మా.’

‘ఉండకపోతే ఇంకోటి చూసుకుంటాం.’

దారి పొడుగునా మాస్టారు సణుగుతూనే ఉన్నారు, బంగారంలాంటి బండి పోయిందని. తెల్లారి వెళితే ఏముంది... ఎక్కడి కారు అక్కడే ఉంది! ఆ ఇంకో పార్టీ ఏమయ్యాడో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

మెకానిక్‌ ముందు బానెట్‌ మీద చెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగా ఉంది. చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్ట్‌ చేస్తేనే దాని జబ్బులు బయటపడతాయి. అందుకే వీళ్లు వచ్చేలోపే వేడిచేసి ఉంచారు. తర్వాత సీటుబెల్టును చివరిదాకా లాగాడు. లోపలి భాగంలో బురద చార. సీట్ల కింది పట్టాలకు తుప్పు. నీళ్లలో మునిగి తేలిన బండి! 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరు వరదకు విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. అలాంటి వాటిని కడిగి, పాలిష్‌ పెట్టి అమ్మకానికి నిలబెడితే పైకి ఏమీ తెలీదు. వైరింగు మాత్రం నెలల తర్వాత కూడా మొరాయిస్తుంది.

విషయం బయటపడగానే కుర్రాడు ధర నలభైవేలు తగ్గించాడు. అదీ తొందరపెట్టే ఎత్తే. జబ్బు బండి చవగ్గా వచ్చినా మిగిలేది జబ్బే. పాపం, ఆ కుర్రాడికీ నెలాఖరు లెక్కలుంటాయి. అలాగని వాటిని తీర్చాల్సింది మాస్టారి పీఎఫ్‌ కాదుగా!

కారు బాగున్నా కాగితాలు బాగుండాలి. ఆర్సీలో ఫైనాన్స్‌ ఉన్నట్టుంటే, అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీ, ఫారం 35 అడగాలి. పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి. పక్క రాష్ట్రం బండయితే అక్కడి రవాణా శాఖ నుంచీ ఎన్‌వోసీ తేవాలి. పాత చలానాలు ఎవరు కడతారో ముందే తేల్చుకోవాలి. బీమాను పేరు మీదికి మార్చమని 14 రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. పాత యజమాని నో క్లెయిమ్‌ బోనస్‌ కొత్తవారికి రాదు. కిలోమీటర్ల మీద అనుమానముంటే సర్వీసు బిల్లుల్లోని అంకెలతో పోల్చుకోవచ్చు. 2023 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకొచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, పాత బండ్లు కొని అమ్మే డీలరు రిజిస్ట్రేషన్‌ అధికారి దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి. అది చూపించమంటే తప్పేం లేదు.

ఇవన్నీ చూడ్డానికి కావలసింది ఒక్క రోజు. తొందరపెట్టేవాళ్లు ఇవ్వనిదీ అదే.

మూడు వారాల తర్వాత మాస్టారు ఓ రిటైర్డ్‌ ఉద్యోగి దగ్గర కారు కొన్నారు. ఆ పెద్దాయన టీ ఇవ్వలేదు, పొగడనూ లేదు. సర్వీసు బిల్లుల కట్ట చేతిలో పెట్టి, ‘క్లచ్‌ మార్చాల్సి వస్తుంది. రెండ్రోజులు ఆలోచించుకుని చెప్పండి’ అన్నాడు.