మందు – మాత్ర

తెలుగులో 'మందు' అన్న మాటకు ఉన్నన్ని ముఖాలు మరే మాటకైనా ఉన్నవో లేవో గాని, వైద్యుడిచ్చేదీ మందే, తుపాకిలో కూరేదీ మందే, మనిషిని తూలించేదీ మందే. 'మాత్ర' కూడ అటువంటిదే. మింగే బిళ్ళ మాత్ర, పద్యంలో కాలపరిమాణం మాత్ర. మూడు దశాబ్దాలు తరగతిగదిలో నిలబడి, మాత్ర అంటే కనురెప్పపాటు అనీ, లఘువుకు ఒకటి, గురువుకు రెండు అనీ పిల్లలచేత వల్లె వేయించినవాణ్ణి. అయినా ఈ రెండు మాటల చుట్టరికం నాకు బోధపడినది మాత్రం పదవీ విరమణ తరువాత, పాశమైలారంలో ఒక లేతు యంత్రం ముందు.

మా నాయనగారు జహీరాబాదు ప్రాంతపు చెరకు రైతు. అడవిపందుల బెడదకు లైసెన్సు మీద ఒక 12 బోరు తుపాకి ఉంచుకొన్నారు. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు పట్టేటంత గొట్టమని ఆ అంకెకు అర్థం. కాల్చిన తూటాల డొల్లలను పారవేయక మళ్ళీ నింపుకోవడం ఆ కాలపు అలవాటు. ఆయన గతించాక తుపాకిని ఠాణాలో అప్పగించాము. మందు గాని, తూటాలు గాని ఇంట ఒక్కటీ మిగలలేదు. మిగిలినది అటక మీది గోనెసంచి ఒకటి.

మొన్న ఇల్లు సున్నం వేయిస్తూ దానిని దించినప్పుడు రెండు వస్తువులు బయటపడ్డాయి. ఒకటి బల్ల అంచుకు బిగించి పిడి త్రిప్పే చిన్న ఇనుప మర. నింపిన తూటా అట్టగొట్టపు మూతిని లోపలికి మడిచేది అదే. రెండవది మందు కొలిచే ఇత్తడి పాత్ర, బొటనవ్రేలంత. దాని ఒంటి మీద 'జేమ్స్ డిక్సన్ అండ్ సన్స్, షెఫీల్డ్' అన్న అచ్చు ఇంకా చదువ వీలుగానే ఉన్నది. అయితే పాత్రకు అడుగు లేదు! అడుగుగా పనిచేసే కడ్డీ, దానికి అమర్చిన పిడి, బిగించే మరమేకు మూడూ పోయినవి. కడ్డీని లోనికి నెడితే పాత్ర లోతు తగ్గుతుంది, వెనుకకు లాగితే పెరుగుతుంది. ఎంత లాగితే ఎన్ని డ్రాములో తెలిపే గీతలు ఆ కడ్డీ మీదనే ఉండేవి. కనుక పోయినది ముక్క మాత్రమే కాదు, కొలత కూడ.

డ్రాము అంటే ఔన్సులో పదహారవ వంతు, సుమారు 1.77 గ్రాములు. మన తులం 11.66 గ్రాములు. తులానికి 12 మాషాలు, మాషానికి 8 గురిగింజలు, వెరసి 96 గురిగింజల ఎత్తు. తెల్లవాడు పౌనును 7000 గ్రెయిన్లుగా, అనగా గింజలుగా, పంచుకొన్నాడు. దేశాలు వేరైనా కొలత పుట్టినది గింజలోనే.

ఎప్పటికీ వాడని వస్తువుకు విడిభాగం దేనికని మా ఇంటావిడ అడిగింది. సమాధానం చెప్పలేక జుమ్మెరాత్ బజారుకు వెళ్ళాను. ఇత్తడి చెంబులు, తాళాలు, గడియారపు ముండ్లు కుప్పలుగా ఉన్నవి గాని నా కడ్డీ లేదు. రాణిగంజిలోనూ లేదు. పాత తుపాకుల సంగతి తెలిసిన ఒక పెద్దమనిషి పాత్రను అటూ ఇటూ త్రిప్పి, "పంతులుగారూ, ఇది నల్లమందు కాలపుది. ఇందులో తెల్లవాళ్ళ కొత్తమందు కొలిచి చేతులు పోగొట్టుకొన్నవాళ్ళున్నారు" అన్నాడు.

ఆ మాట వెంటబడి కొంత చదివాను. నల్లమందు అంటే సురేకారము, గంధకము, బొగ్గుల మిశ్రమం. దానిని పాత్రతో ముంచి కొలిచేవారు. 1884లో ఫ్రాన్సు దేశంలో పాల్ వియే అనే రసాయనవేత్త పొగరాని మందును తయారుచేశాడు. దానికి మూలపదార్థం సెల్యులోజు, అనగా దూదిలోను కొయ్యలోను ఉండే నారపదార్థం. దానిని నత్రికామ్లంతో మార్చితే మందవుతుంది. దాని బలం చాల ఎక్కువ. పాతపాత్ర నిండుగా కొత్తమందు పోసినవారి తుపాకి గొట్టాలు పగిలిపోయేవి. పాత్ర అదే, చేయి అదే, మందు మారింది, మాత్ర తప్పింది.

చివరకు నా పూర్వవిద్యార్థి ఒకడు గుర్తుకువచ్చాడు. పద్యం అప్పజెప్పమంటే తలవంచుకొనేవాడు. ఇప్పుడు పాశమైలారంలో ఒక లేతు మీద కర్మాగారాల విడిభాగాలు చేస్తున్నాడు. ఇస్నాపూర్ చౌరస్తాలో దిగి ఆటో ఎక్కి అతని షెడ్డుకు చేరాను. అతను చేతులు తుడుచుకొని పాత్రను అందుకొని, "సార్, ఇత్తడి మంచిగున్నది. ఇనుప కడ్డీ వెయ్యొద్దు, రవ్వ లేస్తది. మందుకాడ ఇత్తడే ఉండాలె" అన్నాడు.

"మందు వేయబోవడం లేదు నాయనా" అన్నాను.

"ఎయ్యకున్నా సరే సార్. పని పని లెక్కనే ఉండాలె."

తరువాత కొంతసేపు మాట్లాడలేదు. 2025 జూన్ 30వ తేదీ ఉదయం ఈ పారిశ్రామికవాడలోని ఒక ఔషధ పదార్థాల కర్మాగారంలో పేలుడు జరిగిన సంగతి మీకు తెలిసినదే. ఆచూకీ దొరకనివారితో కలిపి 50 మందికి పైగా పోయారు. బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుండి పొట్టచేతపట్టుకొని వచ్చినవారు వారిలో ఎందరో. అక్కడ తయారయ్యేది విషం కాదు, తుపాకి మందూ కాదు. కొయ్యగుజ్జు నుండి తీసే తెల్లని సెల్యులోజు పొడి. మనం మింగే మాత్ర విడిపోకుండా, చేతికి అందేటంత పరిమాణంలో ఉండటానికి కలిపేది. సన్నని పొడి గాలిలో దట్టంగా లేచి, నిప్పు తగిలితే గోధుమపిండైనా, చక్కెరపొడి అయినా పేలుతుంది.

"ఆ దినం చప్పుడుకు లేతు ఆపిన సార్. మల్ల మూడు దినాలు చాలు చెయ్యబుద్ధి కాలే" అన్నాడతను.

ఒకే సెల్యులోజు. ఒకచోట తుపాకి మందు, ఒకచోట జ్వరపు బిళ్ళలో కూర్పు, ఒకచోట చితిమంట. నిఘంటువులో 'మందు'కు ఇన్ని అర్థాలెందుకని ఏ పిల్లవాడూ నన్ను అడుగలేదు. అడిగినా ఆనాడు చెప్పగలిగి ఉండేవాణ్ణి కాను.

అతను వెర్నియర్‌తో పాత్ర లోపలి వ్యాసం కొలిచాడు. "కడ్డీ లావు దొరికింది సార్. గని యాడిదాంక పోవాలె? గీతలు యాడ పెట్టాలె?" అన్నాడు. నాకు తెలియదు. తెలిసినవారు లేరు. అప్పుడతను ఫోనులోని టార్చి వెలిగించి పాత్ర లోనికి చాలసేపు చూశాడు. పిలిచి నాకూ చూపించాడు. లోపలి గోడ మీద సన్నని వలయం ఒకటి! దానికి పైన ఇత్తడి ఒక రంగు, క్రింద మరొక రంగు. ఏండ్ల తరబడి కడ్డీ ఒక్కచోటనే నిలిచినందున పడిన గుర్తు.

"సార్, మీ నాయిన ఇక్కడికెళ్లి ఎన్నడు జరపనే లేదు."

ఆ పాత్రకు ఇంకా లోతున్నది. లాగితే మరింత మందు పట్టేది. పందుల గుంపు పైరులో పడిన రాత్రులలోనూ, చెరకు అంతా పోయిన ఏట కూడ, ఆయన ఆ వలయాన్ని దాటలేదు. ఆయన నాతో ఎన్నడూ తుపాకిని గూర్చి మాట్లాడలేదు, నేను ఛందస్సును గూర్చి ఆయనతో మాట్లాడలేదు. ఇద్దరమూ ఒకే విషయం చెప్పుకోవలసినవారమని ఆ షెడ్డులో, టార్చి వెలుతురులో, కండ్లు చెమర్చగా తెలిసింది.

"వలయం కాడనే అతికించెయ్యాల్నా, జరిగేటట్టు చెయ్యాల్నా?" అని అడిగాడు.

కొంచెం ఆలోచించి, జరిగేటట్టే చేయమన్నాను. జరపడానికి వీలుండగా జరపకపోవడమే ఆయన గొప్ప. అతికించివేస్తే అది ఇత్తడి గొప్ప అవుతుంది.

అతను ఒకే ఒక గీత గీశాడు, వలయానికి సరిపడేటట్టు. డబ్బులివ్వబోతే తీసికొనలేదు. "బళ్లె ఒక్క పద్యం అప్పజెప్పలే సార్, గిదే అనుకోండి" అన్నాడు.

ఆ పాత్ర ఇప్పుడు నా వ్రాతబల్ల మీద ఉన్నది. సెలవులకు వచ్చిన మనుమరాలు దానితో ఆవాలు కొలిచి గిన్నెలో పోస్తున్నది. నిండుగా పోయడం, అంచు మీద వ్రేలితో రాచి సమం చేయడం తనంతట తానే నేర్చుకొన్నది. కడ్డీని మాత్రం ఇంకా జరపలేదు. జరుపుతుందేమోనని చూస్తున్నాను. మీ ఇండ్ల అటకల మీద ఇటువంటి కొలతలు ఉంటే దించి చూడండి, లోపల వలయాలున్నవేమో.