సెట్

ఆంగ్లంలో మూడక్షరాల చిన్న మాట ‘సెట్’. 1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు రెండవ కూర్పులో అన్నిటికన్న పొడవైన వివరణ ఈ మాటదే. దాదాపు 430 అర్థాలు. తరువాత ‘రన్’ దానిని మించింది. తెలుగు అధ్యాపకుడనైన నాకు ఆ ఘనతతో నిమిత్తం లేదు. ఆ మాట మా వికారాబాదు, తాండూరు విద్యార్థుల నోటి నుండి జవాబు పత్రాలలోనికి ప్రవేశించడమే నా బాధ.

పొలంలో పంపుసెట్టు, పెళ్ళిలో గాజుల సెట్టు, హోటల్లో సెట్ దోశ. సంబంధం కుదిరితే సెట్టయింది. ఉద్యోగం దొరికితే జీవితమే సెట్టయింది. (ఈఏపీసెట్‌లోని సెట్ మాత్రం దీనికి చుట్టం కాదు. అవి ఉమ్మడి ప్రవేశ పరీక్షకు పొడి అక్షరాలు.) మన మాటలకు ఇంత విస్తృతి లేదా? చీరకు పట్టు, మల్లునికి పట్టు, నుదుటికి పట్టు, మొండివానికీ పట్టే. ఇదంతా చెప్పి, తరగతి నుండి ‘సెట్’ను బహిష్కరించాను.

తాండూరు నుండి రైలులో వచ్చే ఒక విద్యార్థి అర్ధసంవత్సర పరీక్షలో, “బండల పాలిషింగులో మా నాన్నకు సెట్ కాలేదు” అని వ్రాశాడు. ఎర్ర సిరాతో ఆ మాట కొట్టివేసి, పైన ‘కుదరలేదు’ అని వ్రాసి, ఒక మార్కు తగ్గించాను.

సంక్రాంతి సెలవులలో మా ఇంట తాండూరు నాపరాళ్ళు పరిపించాను. మేస్త్రీ నన్ను గడప వద్దనే ఆపాడు.

“సెట్ కాలే సార్, అడుగు పెట్టకుండ్రి.”

“గట్టిపడలేదు అనరాదా?”

“గట్టిపడుడు వేరు సార్, సెట్ అవుడు వేరు.”

అతడన్నది నిజమే. ప్రమాణాల ప్రకారం సాధారణ సిమెంటు 30 నిమిషాలకు ముందు సెట్ కావడం మొదలుకారాదు. 600 నిమిషాలలో అది ముగియాలి. గట్టిపడటం ఆ తరువాత వారాలపాటు సాగుతుంది. తొందరపడి బిగుసుకోకుండా జిప్సం కలుపుతారు. పట్టు దొరికీ దొరకని ఆ నడిమి వేళకు, ప్రబంధాలతో జీవితం గడిపిన నాకు ఒక్క మాటా తోచలేదు.

ఆ రాత్రి జవాబు పత్రం మళ్ళీ తీశాను. కొట్టివేసిన మాటకు తరువాతి వాక్యం ఇది: “అందుకని ఈ ఏడాదితో నేను చదువు మానవలసి రావచ్చు.” దోషం లేని వాక్యం. దాని పక్కన నేనే ఒప్పు గుర్తు పెట్టి ఉన్నాను.

కళాశాల తెరిచిన రోజున అతనిని పిలిచి, “నాన్నగారికి పని సెట్టయిందా?” అని అడిగాను.

అతడు నా ముఖంలోనికి ఒక క్షణం చూశాడు. “ఇంకా కాలే సార్.”

ఆ సాయంత్రం అతనితోపాటు తాండూరు రైలెక్కాను.