లైసెన్స్ ఉందా?

శ్రీనగర్ కాలనీలో మా రూమ్ నుంచి అమీర్‌పేట నడిచి వెళ్లేంత దూరం. అందుకే ఫోన్‌లో "కోచింగ్ లైసెన్స్ తీసుకుందామనుకుంటున్నా" అంటే అమ్మ "జావానా, పైథానా? ఫీజెంత?" అంది. ఫుట్‌బాల్ అన్నాక అట్నుంచి మాట లేదు.

ఆదివారాలు కాలనీ పిల్లలకి ఆట నేర్పిస్తున్నాను. పోయిన నెల ఒక పదేళ్ల పిల్లాడు బాల్‌ని తలతో కొట్టి, కళ్లు తిరుగుతున్నాయన్నాడు. నీళ్లు తాగించి మళ్లీ ఆడించేశాను. మర్నాడు వాళ్ల నాన్న వచ్చి "బాబూ, నీకేమైనా లైసెన్స్ ఉందా?" అని అడిగారు.

రోషం వచ్చింది. హైదరాబాద్ బడి పంతులు సయ్యద్ అబ్దుల్ రహీమ్ కథ చెబుదామనుకున్నా. 1951 ఏషియాడ్‌లో ఆయన ఇండియాకి గోల్డ్ తెచ్చేటప్పటికి యుయెఫా పుట్టనే లేదు, అది వచ్చింది 1954లో. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962 జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1, మళ్లీ గోల్డ్. మరుసటేడే క్యాన్సర్‌తో పోయారు.

కానీ నేను రహీమ్ సాబ్‌ని కాదు కదా!

యూరప్‌లో యుయెఫా సి, బి, ఎ, ఆ పైన ప్రో. తెచ్చుకున్నా మూడేళ్లే చెల్లుతుంది. ఆలోపు కనీసం 15 గంటలు మళ్లీ నేర్చుకుంటేనే రెన్యువల్ (అటెండెన్స్ బాధ వాళ్లకీ ఉందన్నమాట). మన దగ్గర ఏఐఎఫ్ఎఫ్ డి దాటాక ఏఎఫ్‌సి సి, బి, ఎ, ప్రో.

డి కోర్సు ఫారం సగం నింపాను. ప్రాక్టీస్‌లో తలతో కొట్టించడం మాత్రం ఆపేశాను. ఆ పిల్లాడు ఇంకా రావట్లేదు.