గోదావరి గుమ్మాలకు క్రిస్మస్ కళ

డిసెంబరు మూడవ వారంలో నిడదవోలు నుండి నర్సాపురం వెళ్ళే రైలులో కిటికీ ప్రక్కన చోటు దొరికితే, ఇక చదువుకోవడానికి పుస్తకమేమీ అక్కరలేదు. తణుకు, అత్తిలి, భీమవరం, వీరవాసరం, పాలకొల్లు, ఇలా ఒక స్టేషను తర్వాత ఒక స్టేషను. సార్వా కోతలు అయిపోయిన చేలు ఒకవైపు, దాళ్వాకు పోసిన నారుమళ్ళు మరొకవైపు, మధ్య మధ్య చేపల చెరువులు. ప్రొద్దుగూకిన తర్వాత పొలాలు కనబడవు, నక్షత్రాలు కనబడతాయి. ఆకాశంలోవి కావు. కొబ్బరిచెట్టుకు, డాబా పిట్టగోడకు, పొడవాటి వెదురుగడకు కట్టిన కాగితపు నక్షత్రాలు. అవి ఎక్కడ గుంపుగా వెలుగుతుంటే అక్కడ క్రైస్తవుల పేట ఉన్నదని క్రొత్తగా వచ్చినవారికి కూడా తెలిసిపోతుంది.

నక్షత్రం దూరం నుండి పిలుస్తుంది. కాని దగ్గరకు వెళ్ళి చూడవలసినది గుమ్మాన్ని. నర్సాపురానికి కొద్ది దూరంలో కాలువగట్టున ఉన్న ఒక పేటలో బంధువుల ఇంట మూడు రోజులున్నాను. ఊరి పేరుతో మనకు పనిలేదు, డెల్టాలో అటువంటి పేటలు ఎన్నో. ఆ మూడు రోజులూ నేను చేసిన పనల్లా సాయంత్రం వీధి ఈ చివర నుండి ఆ చివరకు నడుస్తూ ఇళ్ళ గుమ్మాలు చూడటమే.

పండుగకు పది రోజుల ముందే సున్నం పని మొదలవుతుంది. డాబా ఇళ్ళవారు రంగు డబ్బాలు తెస్తారు, పెంకుటింటివారు సున్నంలో కాస్త నీలిమందు కలుపుతారు. మట్టి అరుగులున్న రెండు మూడు ఇళ్ళలో ఇంకా పేడతో అలుకుతున్నారు. తరువాత తలుపు. ఏడాదంతా వాననీటికి ఉబ్బి, మూయడానికి భుజం ఆనించవలసిన తలుపుకు కూడా ఆ వారం నూనె రాస్తారు, గొళ్ళేనికి క్రొత్త మేకు పడుతుంది. గడప సంగతి తమాషాగా ఉంటుంది. బాప్తిస్మం తీసుకున్న నాటి నుండి గడపకు పసుపు రాయడం మానేసిన కుటుంబాలు ఇవి. పసుపు రాయరు గాని, గడపకు పసుపు పెయింటు మాత్రం వేస్తారు! ఎందుకని ఒక పెద్దాయనను అడిగితే, "గడప పచ్చగా లేకపోతే ఇల్లు బోసిగా ఉంటదండీ" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఇదే నెలలో ధనుర్మాసం వస్తుంది. ఊరిలోని హైందవుల వాకిళ్ళలో తెల్లవారకముందే ముగ్గులు, గొబ్బెమ్మలు పడతాయి. పేటలోనూ ఆడపిల్లలు ముగ్గు వేస్తారు. చుక్కల మధ్యలో పశువుల తొట్టి, గంట, కొవ్వొత్తి గీసి క్రింద హ్యాపీ క్రిస్మస్ అని వ్రాస్తారు. ఊరి పిల్లలు వచ్చి చూస్తారు, వీళ్ళు వెళ్ళి వాళ్ళవి చూసి వస్తారు. ముగ్గుపిండి అరువు కూడా ఇచ్చిపుచ్చుకొంటారు.

అయితే మామిడాకు దగ్గరకు వచ్చేసరికి మాటలు పెరుగుతాయి. ద్వారబంధానికి మామిడి తోరణం కట్టవచ్చునా, కట్టకూడదా? ఆ పేటలో ఈ తగవు తాతల నాటిది. కట్టేవారు కడతారు, ప్రక్క ఇంటివారు చూసి ముఖం త్రిప్పుకొంటారు. తోరణం అన్యాచారమని ఒకరి వాదం. పెళ్ళి పందిరికి అరటిబోదెలు, మామిడాకులు కట్టినప్పుడు లేని అభ్యంతరం ప్రభువు పుట్టిన పండుగకు ఎందుకని రెండవవారి వాదం. అక్కడి అయ్యగారు ఒక ప్రసంగంలో నెహెమ్యా గ్రంథం ఎనిమిదవ అధ్యాయం తీసి, ప్రజలు కొండకు వెళ్ళి ఒలీవ, గొంజి, ఖర్జూర కొమ్మలు తెచ్చి పర్ణశాలలు కట్టుకున్న సంగతి వివరించారట. దానితో తగవు తీరలేదు గాని, కట్టే ఇళ్ళ సంఖ్య పెరిగిందని మా బంధువులు నవ్వుతూ చెప్పారు. నా మట్టుకు నేను ఆకును ఆకుగానే చూస్తాను. పచ్చని ఆకు కట్టిన ఇంటిలో సంతోషం ఉన్నదని దారిన పోయేవాడికి తెలియాలి, అంతే.

ఆ వీధిలో ఏ అలంకారమూ లేని గుమ్మాలు కొన్ని ఉన్నాయి. తెలియనివారు వాటిని చూసి, ఈ ఇంటివారు విశ్వాసులు కారేమో అనుకొంటారు. విషయం వేరు. 1836లో ఇంగ్లాండులోని బార్న్‌స్టేపుల్ నుండి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు తమ భార్యలతో ఇండియాకు వచ్చారు. ఒకరు రాళ్ళు చెక్కే మేస్త్రీ, మరొకరు చెప్పులు కుట్టే పనివారు. బిరుదులు, పెద్ద మిషను సొమ్ము వారి వెనుక లేవు. మచిలీపట్నం మీదుగా నర్సాపురం చేరి స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషను అలా మొదలైంది. 1847 నుండి 1852 వరకు ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించినప్పుడు కూలికి వెళ్ళిన పేదలలో కొందరు సువార్త విన్నది వీరి ద్వారానే. వీరు బ్రదరెన్ సహవాసానికి చెందినవారు. ఆ సహవాసాలలో చాలామంది దినాలను ఆచరించరు, క్రిస్మస్‌ను ప్రత్యేక పండుగగా ఎంచరు. రాజమహేంద్రవరం వైపు నుండి వచ్చిన లూథరన్ సంఘాలవారికి అయితే ఆగమన కాలపు ఆదివారాలు, నక్షత్రం, చెట్టు అన్నీ ఉన్నాయి. కాబట్టి ఒకే గోడకు అటూ ఇటూ కాపురముండే అన్నదమ్ముల ఇళ్ళలో ఒక గుమ్మానికి రంగుకాగితాలు, మరొక గుమ్మానికి ఏమీ లేకపోవడం ఇక్కడ విడ్డూరం కాదు. అలంకరించని ఇంటి అన్న, తమ్ముడి నక్షత్రానికి కరెంటు తీగ లాగి ఇస్తుండగా నేను కళ్ళారా చూశాను.

అలంకారం లేని గుమ్మాలలో ఇంకొక రకం కూడా ఉంది. ఆ ఏడాది ఇంటిలో ఎవరైనా ప్రభువునందు నిద్రించి ఉంటే, ఆ క్రిస్మస్‌కు నక్షత్రం కట్టరు. ఎవరూ చెప్పనక్కరలేదు, వీధి అంతటికీ తెలుసు. క్యారల్స్ పాడే పడుచువాళ్ళు డప్పుతో, గిటారుతో ఇంటింటికీ వెళుతూ ఆ గుమ్మం ముందుకు రాగానే వాయిద్యాలు ఆపేశారు. ఒక్క పాట మెల్లగా పాడి, అయ్యగారు చిన్న ప్రార్థన చేసి, టీ ఇవ్వబోతే వద్దనకుండా త్రాగి వెళ్ళారు. నేను చూసిన ఆ ఇంటిలో మే నెలలో పెద్దకొడుకు పోయాడు. తల్లి గడప మీదే కూర్చుని పాట విన్నది. లేచి లోపలికి వెళ్ళి, ఒక బెల్లం అరిసెల పళ్ళెం తెచ్చి పిల్లల చేతిలో పెట్టింది. పండుగ చేసుకోనివారు పిండివంట వండరని మన ఎరుక. ఆమె పాటల పిల్లల కోసమే వండిందట.

ఇక నక్షత్రం కట్టే విద్య సంగతి. దుకాణంలో మడతపెట్టి అమ్మే ప్లాస్టిక్ కాగితపు నక్షత్రాలు, చైనా లైట్లు వచ్చిన తరువాత ఇది పోతుందనుకున్నాను. పేటలో ఇంకా ముగ్గురు కడుతున్నారు. పది వెదురుబద్దలు సమానంగా చీల్చుకోవాలి. అయిదేసి బద్దలతో రెండు చదునైన నక్షత్రాలు కట్టి, ఒకదానిపై ఒకటి పెట్టి, అయిదు కొనల దగ్గర పురికొసతో బిగించాలి. అప్పుడు లోపలి అయిదు కూడళ్ళ దగ్గర జానెడు పుల్లలు అడ్డంగా దూర్చితే, చదునుగా ఉన్నది ఉబ్బి నిలబడుతుంది. ఆ పుల్లల పొడవులోనే ఉంది కిటుకంతా. పొడవెక్కువైతే బద్ద విరుగుతుంది, తక్కువైతే నక్షత్రం అప్పడంలా ఉంటుంది. మైదాపిండి ఉడికించిన బంకతో గాలిపటాల కాగితం అంటించి, బల్బు దూర్చడానికి ఒక ప్రక్క సందు వదులుతారు. కరెంటు లేని రోజులలో లోపల కిరసనాయిలు బుడ్డి పెట్టేవారు. గాలికి నక్షత్రం కాస్త ఒరిగిందంటే అంతా మంటే. పూరిళ్ళ మధ్య అదెంత భయమో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. నక్షత్రం వెలిగించిన రాత్రి ఇంటికొకరు మేలుకొని కాపలా ఉండేవారట.

గుండ్రని ఆకుల చక్రం తలుపుకు తగిలించే పద్ధతి ఇటీవల బాగా కనబడుతోంది. భీమవరం, రాజమహేంద్రవరం దుకాణాలలో ప్లాస్టిక్‌వి దొరుకుతాయి. దీనికి దగ్గర చుట్టమైన ఆగమన కాలపు చక్రానికి మంచి చరిత్రే ఉన్నది. 1839లో జర్మనీలోని హాంబర్గులో యోహాన్ హిన్రిక్ విఖర్న్ అనే సేవకుడు, తాను నడిపే పేదపిల్లల ఆశ్రమంలో పాత బండిచక్రం మీద కొవ్వొత్తులు నిలిపాడు. పండుగ ఇంకెన్ని రోజులని పిల్లలు అడిగినప్పుడు రోజుకొకటి వెలిగించి చూపడానికి. పచ్చని కొమ్మలు దానికి తరువాత చేరాయి. అక్కడి చలికాలంలో చెట్లన్నీ మోడులవుతాయి. ఆకు రాల్చని ఫర్ చెట్టు కొమ్మ తెచ్చి తలుపుకు కడితే దానికొక అర్థం ఉన్నది. మన గోదావరి జిల్లాలలో డిసెంబరులో పచ్చగా లేనిదేది? గట్టు మీద కొబ్బరి, దొడ్డిలో మామిడి, సముద్రపు ఒడ్డున సరుగుడు. నర్సాపురం వైపు వారు సరుగుడు కొమ్మనే క్రిస్మస్ చెట్టుగా నిలబెడతారు. దుమ్ము పట్టిన ప్లాస్టిక్ ఆకు కంటే అది నాకు ఎంతో అందంగా కనబడింది.

గుమ్మాల గురించి వ్రాస్తూ నర్సాపురం లేసును విడిచిపెట్టడం తగదు. ఈ ప్రాంతపు స్త్రీలకు కొక్కెపు సూదితో దారం అల్లడం పందొమ్మిదవ శతాబ్దంలో మిషనరీ కుటుంబాల స్త్రీలు నేర్పారు. మొదట సంఘంలోని పేద స్త్రీలు, తరువాత ఇతర కులాల వారు, ఇల్లు దాటి బయటకు రాని కాపు స్త్రీలు కూడా నేర్చుకున్నారు. బల్లగుడ్డలు, దిండు గలీబులు, గుమ్మాలకూ కిటికీలకూ తెరలు ఓడలెక్కి యూరప్, అమెరికా దేశాలకు వెళ్ళాయి. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త ఈ స్త్రీలను గురించి వ్రాసిన పుస్తకం 1982లో వెలువడింది. రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నా, ఇంటిలో ఖాళీ వేళ చేసుకొనే పనిగానే దానిని లెక్కకట్టి అతి తక్కువ కూలి ఇస్తున్నారని ఆమె చూపించారు. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు, అంటే జి.ఐ. ట్యాగు వచ్చింది. అల్లే చేతికి, ఎగుమతి చేసే దుకాణానికి నడుమ ఏజెంట్ల వరుస మాత్రం అలాగే ఉన్నది. పైగా యంత్రం మీద తయారైన చౌక లేసుతో పోటీ.

మా బంధువుల ఎదురింటి ఆమెకు అరవై దాటాయి. పన్నెండవ ఏట నుండి లేసు అల్లుతున్నది. ఎన్ని గుమ్మం తెరలు అల్లారు పిన్నిగారూ అని అడిగాను. "ఎవరు లెక్కెట్టారండీ? ఏజెంటు కొలత చెప్పేవాడు, అల్లేసేదాన్ని. ఏ దేశంలో ఏ గుమ్మానికి కట్టుకున్నారో ఏంటో" అన్నది. ఆమె సొంత గుమ్మానికి ఎప్పుడూ పాత చీర తెరే. ఆమె కూతురు తొమ్మిదేళ్ళుగా కువైటులో ఒక ఇంటిలో పని చేస్తున్నది. ఈ పల్లెలలో అటువంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. సున్నానికి, రంగుకు, మనవడి బట్టలకు డబ్బు అక్కడి నుండే. క్రిస్మస్‌కు సెలవు మాత్రం దొరకదు.

ఈ ఏడు కూతురు ఫోనులో తల్లిని ఒకటి కోరిందట: మన గుమ్మానికి నువ్వల్లిన లేసు తెర కట్టమ్మా, నేను చూడాలి అని. ఆమె నవంబరులో మొదలుపెట్టింది. మధ్యలో ఏజెంటు పని తొందరపెట్టడంతో ఆగిపోయింది. నేను వెళ్ళేనాటికి సగం అయింది. నక్షత్రం, క్రింద రెండు గొర్రెపిల్లలు, వాటి కాళ్ళు ఇంకా పడలేదు. పండుగకు పూర్తవుతుందా అంటే, "అవ్వదండి. సగం తెరే కట్టేస్తాను. సూది అలాగే వేలాడుద్ది" అని నవ్వింది.

ఇరవై నాలుగవ తేదీ రాత్రి పదిన్నరకు ఫోను మ్రోగింది. కువైటులో అప్పుడు ఎనిమిది. మనవడు ఫోను పట్టుకొని వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. మామిడాకు తోరణం, దానిమీద రంగుకాగితాలు, పసుపు పెయింటు గడప, ద్వారబంధానికి సగం వరకే వచ్చిన తెల్లని తెర. అవతల చాలాసేపు మాట లేదు. తరువాత, "ఇంకొంచెం దగ్గరికి రారా, అమ్మమ్మ కూడా కనపడాలి" అని వినబడింది. ఆమె కొంగు సర్దుకొని, దారపు ఉండ చేతిలోనే పట్టుకొని, గడప మీదకు వచ్చి నిలబడింది.