గాలికీ ఒక లెక్క

ప్రాణవాయువు అన్న పేరులోనే ఒక ఆకర్షణ ఉంది. ప్రాణం నిలిపేది ఎంత ఎక్కువుంటే అంత మేలని ఎవరికైనా అనిపిస్తుంది. సముద్రంలో దిగే డైవర్ల సిలిండర్లలో మామూలు గాలికి బదులు ప్రాణవాయువు పాలు పెంచిన 'నైట్రాక్స్' కూడా నింపుతారని చెప్పినప్పుడు హాస్టల్లో మిత్రులు అన్నమాట ఇదే: "ఇంకేం, ఎంత లోతుకైనా పోవచ్చు గదా!" ఆ మాట సరిగ్గా తలకిందులు. ఎందుకు తలకిందులో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

మాది తడ. 2022 దాకా నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. ఊరు పక్కనే పులికాట్ సరస్సు. దాని సగటు లోతు ఒక మీటరుకు అటూ ఇటూ. యానాది ఆడవాళ్ళు ఆ నీళ్ళలో చేతులతోనే తడిమి రొయ్యలు పడతారు. అలాంటి ఊరివాడికి 30 మీటర్ల లోతు మీద ఎందుకు మనసు పోయిందంటారా? సరస్సుకు అవతల శ్రీహరికోట, దానికవతల సముద్రం. రాకెట్లు పైకి పోవడం చిన్నప్పటినుంచీ మిద్దె మీద నిలబడి చూశాం. కింద ఏముందో కూడా చూడాలనిపించింది, అంతే. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో నిరుడు పుదుచ్చేరిలో 18 మీటర్ల దాకా దిగే శిక్షణ పూర్తి చేశాను. వచ్చే సెలవుల్లో 30 మీటర్ల శిక్షణకు పేరిచ్చాను. "మామూలు గాలా, నైట్రాక్సా?" అని అడిగారు. రెండోదానికి వేరే తరగతి, వేరే రుసుము.

ఇంట్లో చెప్పాను. మా ఊరికి దగ్గర్లోనే ఉబ్బలమడుగు జలపాతం ఉంది. అక్కడి గుండాల్లో దిగి తిరిగి రాని పిల్లల సంగతులు మా వైపు ప్రతి తల్లికీ తెలుసు. మా అమ్మ సూటిగా అడిగింది: "గాలికి గూడా డబ్బులేందిరా? ఎక్కువ డబ్బిస్తే ఎక్కువ ఆయుష్షిస్తారా? నాకు అర్థమయ్యేట్టు చెప్పు, అప్పుడే పంపిస్తా." బి.ఎస్సీ. ఫిజిక్స్‌లో నాకు ఇంత కఠినమైన వైవా ఎప్పుడూ జరగలేదు.

గోలీసోడాతో మొదలుపెట్టాను. బుడ్డిలో ఒత్తిడి ఉన్నంతసేపూ గ్యాసు నీళ్ళలో కరిగి కనపడకుండా ఉంటుంది. గోలీ నొక్కగానే బుసబుసా పొంగుతుంది. మనిషి ఒళ్ళూ అంతే. గాలిలో నత్రజని 79 పాళ్ళు, ప్రాణవాయువు 21 పాళ్ళు. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ ఒక బారు ఒత్తిడి పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర మొత్తం 4 బార్లు. ఆ ఒత్తిడికి నత్రజని రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. ఎక్కువసేపు ఉండి గబుక్కున పైకొస్తే బుడగలు కడుతుంది. కీళ్ళ నొప్పి మొదలు పక్షవాతం దాకా తెచ్చే 'బెండ్స్' జబ్బు అదే. ఎంత లోతున ఎంతసేపు ఉండవచ్చో శాస్త్రీయంగా మొదటి పట్టికలు వేసినవాడు హాల్డేన్, 1908లో, మేకల మీద ప్రయోగాలు చేసి.

ఇప్పుడు నైట్రాక్స్ సంగతి. ఎక్కువగా వాడేది ప్రాణవాయువు 32 పాళ్ళున్న మిశ్రమం. అందులో నత్రజని 68 పాళ్ళే. లెక్క వేస్తే, దీన్ని పీలుస్తూ 30 మీటర్ల దగ్గర ఉన్నవాడి ఒంట్లో చేరే నత్రజని, మామూలు గాలితో సుమారు 24 మీటర్ల దగ్గర ఉన్నవాడి పాటిదే. వినోదపు డైవర్లు వాడే ఒక పట్టిక ప్రకారం, దారిలో ఆగి ఒంట్లోని నత్రజనిని వదిలించుకునే పని లేకుండా పైకి రావాలంటే 30 మీటర్ల దగ్గర మామూలు గాలితో 20 నిమిషాలే గడువు. 25 మీటర్లకు 29 నిమిషాలు. అంటే తొమ్మిది నిమిషాల లాభం.

మరి లోతు? ప్రాణవాయువు కూడా ఒత్తిడి మీరితే విషమేనని పాల్ బెర్ట్ 1878లోనే రాశాడు. మూర్ఛ వస్తుంది. నీటి కింద మూర్ఛ అంటే నోట్లోని గొట్టం జారిపోవడం, మునిగిపోవడం. అంచేత ప్రాణవాయువు పాక్షిక పీడనం 1.4 బార్లు దాటకూడదని నియమం. మామూలు గాలితో ఆ హద్దు 56 మీటర్ల దగ్గర వస్తుంది. 32 పాళ్ళ మిశ్రమంతో 33 మీటర్లకే, 36 పాళ్ళతో 28 మీటర్లకే వచ్చేస్తుంది. పాలు పెరిగేకొద్దీ నేల పైకి లేస్తుందన్నమాట! వినోదపు డైవింగ్‌కు చివరి హద్దయిన 40 మీటర్లకు పోవాలంటే 28 పాళ్ళకు మించకూడదు, అక్కడ దొరికే లాభమూ స్వల్పమే. నైట్రాక్స్ లోతును కొనిపెట్టదు, సమయాన్ని కొనిపెడుతుంది. అది కూడా 18 నుంచి 30 మీటర్ల మధ్యనే బాగా గిట్టుబాటవుతుంది.

ఇంకో రెండు భ్రమలున్నాయి. లోతున నత్రజని వల్ల వచ్చే మత్తు నైట్రాక్స్‌తో తగ్గుతుందంటారు. ప్రాణవాయువుకూ మత్తు కలిగించే గుణం ఉంటుందని శాస్త్రం చెబుతున్నది గనక దాన్ని నమ్ముకోలేం. పైకొచ్చాక అలసట ఉండదంటారు. 2003లో వెలువడిన ఒక ప్రయోగంలో, పొడి పీడన గదిలో 18 మీటర్ల లోతుకు సమానమైన ఒత్తిడిలో పరీక్షిస్తే, రెండు గాలుల మధ్యా అలసటలో తేడా కనపడలేదు.

మిగిలింది ఆ తొమ్మిది నిమిషాలు. అవి నాకు దక్కుతాయా? నిరుడు శిక్షణలో 10 మీటర్ల దగ్గర 10 నిమిషాలకు నా సిలిండరులో 36 బార్లు తగ్గినట్టు పుస్తకంలో రాసుకున్నాను. 11 లీటర్ల సిలిండరు, అక్కడి ఒత్తిడి 2 బార్లు. అంటే ఒడ్డు మీది లెక్కలో నేను నిమిషానికి దాదాపు 20 లీటర్లు పీలుస్తాను. 30 మీటర్ల దగ్గర అది 80 లీటర్లు. 200 బార్ల సిలిండరులో ఆపద కోసం 50 బార్లు మిగుల్చుకుంటే వాడుకోగలిగేది 1650 లీటర్లు. అంటే 20 నిమిషాలు, దిగడానికీ ఎక్కడానికీ పోగా ఇంకా తక్కువే. నత్రజని గడువు తీరేలోపే గాలి అయిపోతుంది! నా తొమ్మిది నిమిషాలూ కాగితం మీదే మిగిలిపోతాయి. నిమిషానికి 14 లీటర్లతో సరిపెట్టుకునే నిదానస్థుడికైతే అవి నిజంగా దక్కుతాయి.

అంచేత నా నిర్ణయం ఇది. మొదటి 30 మీటర్ల డైవు మామూలు గాలితోనే. తర్వాత రోజుకు రెండు మూడుసార్లు దిగాల్సినప్పుడు, మొదటిసారి చేరిన నత్రజని పూర్తిగా పోకముందే మళ్ళీ దిగుతాం గనక, అప్పుడు నైట్రాక్స్. అప్పుడు కూడా అదనపు నిమిషాలకు ఆశపడకుండా మామూలు గాలి గడువుకే పైకి వస్తాను. ఆ తేడా నా ఒంటికి రక్షణ.

అమ్మకు ఇదంతా చెప్పి, చివరికి ఇంకో మాట కూడా చెప్పాను. నైట్రాక్స్ సిలిండరు ఎవరు నింపినా, దిగేవాడే మీటరు పెట్టి ప్రాణవాయువు పాలెంతో కొలిచి, ఎంత లోతు దాటకూడదో చీటీ మీద రాసి, సంతకం చెయ్యాలి. అమ్మ ఆ ఒక్క మాటనే పట్టుకుంది: "అట్టయితే ఆ కొలిచే పని మాత్రం ఇంకొకరికి వదలబాక నాయనా." అనుమతి దొరికింది.

మిత్రులారా, డాల్టన్ సూత్రాన్నీ, హెన్రీ సూత్రాన్నీ మనం పరీక్షలో నాలుగు మార్కుల కోసం బట్టీ పట్టాం. నీటి కింద అవి మార్కులు వెయ్యవు, లెక్క తప్పినవాణ్ణి క్షమించవు. అందుకే రుసుము కట్టి ఆ తరగతిలో చేరుతున్నాను. సిలిండరు మీద చీటీలో పడబోయే సంతకం నాది గదా.