రాజమండ్రిలో ఆరు బర్నర్ల బేరం

మీరు రాజమండ్రి దేనికి వెళతారు? పెళ్ళి బట్టలకి తాడితోట, గోదావరి స్నానానికి పుష్కరాల రేవు, కాదంటే ఆస్పత్రి పని. నేనూ అంతేనండీ. ఈసారి మాత్రం చీటీ పాడిన 40 వేలు చేతిసంచిలో పెట్టుకుని, మా అమ్మాయిని వెంటేసుకుని కంప్యూటరు కొనడానికి బయల్దేరాను.

మాది ఆత్రేయపురం పక్క పల్లె. బొబ్బర్లంక దాటగానే ఆటో బ్యారేజీ ఎక్కుతుంది. ఎడమ పక్క చూస్తే సముద్రంలా నీళ్ళు, కుడి పక్క ఇసుక తిన్నెలు. కాటన్ దొర 1852లో పూర్తి చేసిన పాత ఆనకట్ట స్థానంలో తర్వాత కట్టిందే ఈ బ్యారేజీ. ఎన్నిసార్లు దాటినా ఇక్కడి గాలికి ప్రాణం లేచొస్తుంది. పిన్ని గారింట్లో ఇద్దామని తెచ్చిన పూతరేకుల పెట్టె ఎక్కడ నలిగిపోతుందోనని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

కంప్యూటరు ఎందుకంటారా? మా అమ్మాయి మూడేళ్ళ పిల్లాణ్ణి పెట్టుకుని ఇంట్లోంచే రెండు కొట్లకి లెక్కలు రాస్తుంది. ఇంట్లో ఉన్నది మా మరిది గారు 2015లో కొన్నది. దాంట్లోని విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 ఎక్కిద్దామంటే ఆ పాత ప్రాసెసరుకి అర్హత లేదట. ఊళ్ళోవాళ్ళ జీఎస్టీ లెక్కలు అలాంటి దాంట్లో పెట్టుకుని ఎలా కూర్చుంటాం చెప్పండి!

మెయిన్ రోడ్డు పక్క సందులో దుకాణం. కూర్చోగానే కుర్రాడు అడిగిన మొదటి మాట, "ఇంటెలాండీ, ఏఎండీయాండీ?"

ఇవి రెండూ అమెరికాలో కాలిఫోర్నియా కంపెనీలు. ఇంటెల్ 1968లో పుట్టింది, ఏఎండీ 1969లో. తోడికోడళ్ళలాగా అప్పట్నించీ పోటీయే. ఆ పోటీ వల్ల మనకే లాభం లెండి. 2017లో ఏఎండీ వాళ్ళు రైజెన్ అని కొత్త రకం తెచ్చారు. ఆ ఏడాది చివర్లోనే ఇంటెల్ వాళ్ళ డెస్క్‌టాప్ ఐ3లో రెండు కోర్లు కాస్తా నాలుగయ్యాయి.

కోరు అంటే బెంగపడకండి, గ్యాస్ పొయ్యి మీద బర్నరు అనుకోండి. గిగాహెర్ట్జ్ అన్నది మంట ఉధృతం. నాలుగు బర్నర్లుంటే ఒకేసారి నాలుగు వంటలు. ఒక్క పప్పే వండేటప్పుడు మాత్రం పక్క బర్నర్లు ఎన్నున్నా ఆ పప్పు తొందరగా ఉడకదు.

హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి ఫోన్లో "ఐ7 తీసుకోమ్మా" అన్నాడు. వాడికేం, డబ్బు నాది! కుర్రాడు రెండు పెట్టెలు బల్లమీద పెట్టాడు. ఒకటి ఇంటెల్ ఐ3-12100, నాలుగు బర్నర్లు. ఇంకోటి ఏఎండీ రైజెన్ 5 5600జి. బర్నర్లు ఆరు, ఒక్కోదాని మంట కూడా దానికంటే కాస్త ఎక్కువే. నా మనసు ఐ3 మీదకే పోయింది. లెక్కలకి అది చాలు, పైగా చవక.

ఇంతలో అతను "అమ్మగారూ, ఇదే నంబరు చివర ఎఫ్ అని ఉన్నది తీసుకుంటే ఇంకా తగ్గుతుందండి" అన్నాడు. ఎందుకు తగ్గుతుందని రెండుసార్లు అడిగాక చెప్పాడు, దాంట్లో బొమ్మ చూపించే భాగం ఉండదట. "గ్రాఫిక్స్ కార్డు వేరే వేయించుకోవాలండి, ఆయ్." ఆ కార్డు ఖరీదు తగ్గిన దానికి ఎన్నో రెట్లు! ఇంటెల్ పెట్టె మీద నంబరు చివర ఎఫ్ కనిపిస్తే మీరూ ఆగి ఈ మాట అడగండి.

అప్పుడు నేను, ఒక్క ప్రాసెసరుకి కాదు, బోర్డుతో కలిపి రెంటికీ ధర రాయమన్నాను. చూశారూ, తమాషా అక్కడే! ప్రాసెసరు దగ్గర తగ్గిన ఐ3 బోర్డు దగ్గర పెరిగింది. తీసి కూడితే రెంటికీ తేడా 600 రూపాయలే.

"నీకేది కావాలే?" అని అప్పుడు అమ్మాయి వైపు తిరిగాను. నిజం చెప్పాలంటే అంతదాకా దాన్ని అడగనేలేదు. అది నేలచూపులు చూస్తూ, "అమ్మా, రావులపాలెంలో స్టూడియో వాళ్ళు పెళ్ళి వీడియోలు కత్తిరించి అతికించే పని ఇస్తామన్నారు. ఫోన్లో నేర్చుకుంటున్నాను. రాత్రి పిల్లాడు పడుకున్నాక చేస్తున్నాను" అంది. ఒకే ఇంట్లో ఉంటూ నాకు తెలియదండీ! అర్ధరాత్రి దాకా ఫోను చూస్తోందని ఎన్ని చివాట్లు పెట్టానో.

వీడియో పని అలాంటిలాంటిది కాదు, పెళ్ళి వంటలాంటిది. అన్ని బర్నర్లూ ఒకేసారి వెలగాలి. వేరే కార్డు లేకుండా బొమ్మ నడిపించడంలోనూ ఆ రెంట్లో 5600జిదే పైచేయి అని కుర్రాడూ ఒప్పుకున్నాడు. ఉత్త లెక్కలకీ, పిల్లల చదువుకీ అయితే ఐ3 తీసుకోమనే మీకు చెబుతాను. మా అమ్మాయికి మాత్రం ఆరు బర్నర్లదే బిగించమన్నాను.

మెమరీ 8 జీబీ చాలన్నాడు గానీ 16 జీబీ వేయించాను. మా వీధిలో సాయంత్రమయ్యేసరికి వోల్టేజీ పడిపోతుంది కాబట్టి యూపీఎస్ కూడా అడిగాను. పాత మానిటరు, కీబోర్డు ఇంట్లో ఉన్నవే సరిపెట్టుకుంటామన్నాం. అయినా చీటీ డబ్బు దాటి 2100 అయింది. ఆ 2100 అమ్మాయి తన పర్సులోంచి తీసింది. పెళ్ళి వీడియో మీద మొదటి సంపాదనట.

తిరుగు ప్రయాణంలో పెట్టె దాని ఒళ్ళో, యూపీఎస్ నా కాళ్ళ దగ్గర. బ్యారేజీ మీదకొచ్చేసరికి పొద్దు వాలింది. పిన్ని గారింటికి వెళ్ళడమే మరిచిపోయాం. ఇద్దరం పూతరేకుల పెట్టె విప్పి, ఆటో అబ్బాయికి రెండిచ్చి, బొబ్బర్లంక వచ్చేలోపు సగం తినేశాం.