కత్రినా కనిపించలేదు... కాగితం కనిపించింది!

"జిందగీ న మిలేగీ దొబారా" (2011) చూసి చెడిపోయిన వాళ్లలో మా బావమరిది ఒకడు. నీళ్లంటే హడలిపోయే హృతిక్ రోషన్‌ని సముద్రం అడుక్కి తీసుకెళ్లే శిక్షకురాలు అందులో కత్రినా కైఫ్. ఆ సీను తీసింది స్పెయిన్‌లో. మావాడు మాత్రం అలాంటి అదృష్టం అండమాన్లో ఏదో ఒడ్డున తనకోసమే కాచుక్కూచుందని గట్టిగా నమ్మాడు. నమ్మి, 2023 ఫిబ్రవరిలో నన్నూ బయల్దేరదీశాడు.

"అల్లుడుగారూ, వాడు మీ పూచీ" అంది మా అత్తగారు రైలెక్కేటప్పుడు. ఆ మాట బరువెంతో పెళ్లయిన పాఠకులకి తెలుసు. కానివాళ్లకి ముందుముందు తెలుస్తుంది.

చెన్నైలో విమానమెక్కి పోర్ట్‌బ్లెయిర్‌లో దిగాం (2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అయింది). అక్కణ్ణించి ఓడలో హేవ్‌లాక్. 2018లోనే స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారుగాని, రేవులో కేకలన్నీ "హేవ్‌లాక్, హేవ్‌లాక్" అనే! ఈతగాడు ఏనుగు రాజన్ ఉండేది ఈ దీవిలోనే. "ది ఫాల్" (2006) సినిమాలో సముద్రంలో ఈదింది ఆ ఏనుగే. 2016లో చచ్చిపోయింది. "అంత ఏనుగే ఈదినప్పుడు నేను మునగలేనా బావా?" అన్నాడు మావాడు.

మా బసలో వంటాయన శ్రీకాకుళం మనిషి. ఇదివరకు బోటు మీద పనిచేశాట్ట. రాత్రి చేపల పులుసు వడ్డిస్తూ, "దుకానం బోర్డు సూసి ఎల్లకండి బావూ. బోటు మీద ఆక్సిజను పెట్టుందేటని అడగండి. జవాబు కాదు, ఆడి మొకం సూడండి" అన్నాడు.

మర్నాడు మొదటి దుకాణం. రంగురంగుల బోర్డు, సినిమా పాట, నీళ్లలో వీడియో ఉచితం, పక్క దుకాణం కన్నా మనిషికి వెయ్యి రూపాయలు తక్కువ. కౌంటర్లో కుర్రాడు మాకు చెరో కాగితం ఇచ్చాడు. గుండె జబ్బుందా? చెవి జబ్బుందా? ఉబ్బసం ఉందా?

మావాడి కలం అక్కడ ఆగింది. చిన్నప్పట్నించీ వాడికి చలికాలం వస్తే పిల్లికూతలే. జేబులో ఇన్‌హేలరు లేకుండా గడప దాటడు.

"అన్నిటికీ నో పెట్టెయ్యండి సార్. అందరూ అంతే!" అన్నాడు కుర్రాడు.

ఒక్కో శిక్షకుడు ఎంతమందిని తీసుకెళ్తాడని అడిగాను. "రేపొచ్చే జనాన్ని బట్టి సార్." బోటు మీద ఆక్సిజన్ ఉందా? "సిలిండర్లో ఉండేది అదేగా సార్!"

మొహం చూడనక్కర్లేకపోయింది. ఆ సిలిండర్లో ఉండేది మనం పీల్చే మామూలు గాలే, ఒత్తిడితో కుక్కి నింపింది. ఆక్సిజన్ పెట్టె వేరే. అది ప్రమాదం జరిగితే అందుకోవటానికి. ఆ తేడా తెలీనివాడి చేతిలో అత్తగారి కొడుకుని ఎలా పెట్టను?

రెండో దుకాణానికి బోర్డు ఉందో లేదో కూడా గుర్తులేదు. నలభై దాటిన ఆవిడ, ఎండకి కమిలిన మొహం, తొట్టిలో కళ్లద్దాలు కడుగుతోంది. డబ్బు ఊసెత్తకముందే "తిరుగు విమానం ఎప్పుడు?" అని అడిగింది. లోతుకి దిగొచ్చిన వెంటనే విమానమెక్కితే ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదం ఉందిట. తర్వాత మావాడి కాగితం చూసి, "ఆఖరిసారి మందు ఎప్పుడు పీల్చావు?" అంది. వారం క్రితం అన్నాడు. "అయితే డాక్టరు రాసిచ్చిన కాగితం లేకుండా నిన్ను తీసుకెళ్లను."

"కొత్తవాళ్లని దించేది పన్నెండు మీటర్లే కదండీ!"

ఆవిడ విసుక్కోలేదు. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడ నిండా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది. అందుకే ఊపిరి బిగపట్టొద్దనేది మొదటి పాఠం. వదుల్తూనే పైకి రావాలి. ఉబ్బసంలో సన్నని గొట్టాలు మూసుకుపోతే గాలి లోపలే చిక్కుకుంటుంది, ఊపిరితిత్తి చిట్లొచ్చు. "నిలువెత్తు నీళ్లలోనైనా అవుతుంది, బాబూ" అంది.

బయటికొచ్చాక పెద్ద రభస. "నువ్వు తీసుకెళ్లకపోతే నేనే పోతా. నాకు ఇరవై నాలుగేళ్లు!" అని విసవిసా మొదటి దుకాణానికి నడిచాడు. నేను వెనకాలే పరిగెత్తాను. వెళ్లేసరికి "నో" పెట్టేసి సంతకం దగ్గరున్నాడు. చెయ్యి పట్టుకుని లాగొచ్చు. లాగితే జన్మలో మాట్లాడడు.

"సరే పెట్టు. ముందు మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పి, పెట్టు" అన్నాను.

ఫోన్ తీశాడు. చాలాసేపు దానికేసి చూశాడు. చేశాడు. "అమ్మా... ఏం లేదే, ఊరికే... భోంచేశావా?" అన్నాడు. పెట్టేశాడు. కాగితం నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు నేను దిగాను. ఆవిడే పక్కన, నేనొక్కణ్ణే. గాలి వాసన చూపించింది (ఏ వాసనా లేదు, ఉండకూడదట), గడియారంలో 200 బార్ చూపించింది, తన గాలి ఆగితే, నా గాలి ఆగితే పట్టుకోవాల్సిన రెండో గొట్టం చేతికిచ్చి రెండుసార్లు పట్టించింది. పగడాలెలా ఉన్నాయో రాయను. ఒడ్డున కొబ్బరిచెట్టు కింద వాడు ఒక్కడూ కూచుని ఉండగా చూసినవి అవి.

ఆ రాత్రి వాడికి "ఫర్ యువర్ ఐస్ ఓన్లీ" (1981) సంగతి చెప్పాను. ఆ జేమ్స్ బాండ్ సినిమాలో నాయిక కరోల్ బూకే నీళ్లలో ఈదిపారేస్తుంది కదా! సైనస్ బాధవల్ల ఆవిడ నిజంగా మునగలేకపోయింది. దగ్గరి షాట్లు పొడి స్టేజీ మీదే తీశారు. ఫ్యాన్లతో జుట్టు ఎగరేసి, స్లో మోషన్‌లో తీసి, బుడగలు తర్వాత కలిపారు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. పడుకోబోతూ తలుపు దగ్గర ఆగి, "బావా, ఈ గదిలో ఫ్యాను ఎంత స్పీడుందంటావు?" అన్నాడు.